ఆర్పని కర్పూరం

పెళ్లికి పోయినవాడు తన చెప్పులతోనే ఇల్లు చేరడం అనేది కడప పట్నంలో ఇంతవరకూ ఎవరికీ పట్టుబడని విద్య. కొత్త చెప్పులు వేసుకుని పోతే పాతవి మిగులుతాయి. ఆ తెలివితో పాతవి వేసుకుని పోతే అంతకన్నా పాతవి మిగులుతాయి. జతకు జత పోయినా చింత లేదు, వట్టికాళ్లతో రావచ్చు. ఎండాకాలమైతే కాస్త గంతులేస్తూ రావచ్చు. ఒకటి మనదీ ఒకటి ఎవరిదో మిగిలితేనే అసలు కష్టం. పారేయడానికి మనసు రాదు, ఎందుకంటే సగం మనదే. వేసుకోవడానికి సిగ్గు, ఎందుకంటే సగం మనది కాదు.

వకీలు ఓబుళయ్యకు సరిగ్గా ఇదే జరిగింది. కుడికాలికి సొంత చెప్పు. ఎడమకాలికి పెళ్లిపందిట్లో మిగిలిన చెప్పు. ఆ ఎడమది అడుగు తీసి అడుగు వేస్తే కిర్రుమంటుంది. దేవుడూ లేడు, దయ్యమూ లేదు అని గాజులవీధికి ఇన్నేళ్లుగా బోధిస్తున్నా ఎవరూ తల తిప్పి చూడలేదు గానీ, ఇప్పుడు ఆయన నడిచిపోతుంటే ఇంటింటి కిటికీ తెరుచుకుంటోంది.

ఆ పెళ్లి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పోయిన వారం పత్రికను చదవకముందే శెట్టిగారి అంగడికి వేసి అందులోనే బెల్లం కట్టించుకున్నవాళ్లు, ఈ నాలుగు ముక్కలు విని ముందుకు రండి.

గాజులవీధి మొత్తానికీ ఉన్న వెండి పన్నీరుబుడ్డి ఒక్కటే. అది రామేశ్వరమ్మది. వీధిలో ఎవరింట్లో పెళ్లి జరిగినా దాన్ని అడిగి తెచ్చుకోవడం, వియ్యాలవారి ముందు మాత్రం "మా తాతల కాలం నాటిది" అని చెప్పుకోవడం ఆనవాయితీ. అంత చిన్న బుడ్డికి అంతమంది తాతలు. గురువారంనాడు రామేశ్వరమ్మ సొంత కూతురి పెళ్లిలోనే, రెండో పంక్తి లేచేలోపల, ఆ బుడ్డి మాయమైంది. నేరం ఏసుమణి మీద పడింది. ఏసుమణి పెళ్లిళ్లలో అంట్లు తోమే మనిషి. మొగుడు పోయినది. కథోలికుల గుడి వెనక గుడిసెలో ఉంటుంది. బంగారు గొలుసులవాళ్లు అంతమంది తిరిగిన ఇంట్లో వెండి పోతే, ఒంటిమీద ఏమీ లేని మనిషే తీసి ఉండాలన్నది వీధి పెద్దల లెక్క. ఆదివారం రీడింగురూము అరుగుమీద కూర్చుని నిజం తేల్చాలనీ, తేలకపోతే ఆమెను పోలీసులకు అప్పజెప్పాలనీ నిర్ణయమైంది. అప్పజెప్పడం అంటూ జరిగితే, ఇంక ఆ వీధిలో ఏసుమణి చేతికి గిన్నె ఇచ్చేవాళ్లుండరు. ఆమెకు గిన్నెలు తప్ప మరో బతుకు లేదు.

బుడ్డి పోయిన వేళకు ఆమె ఎక్కడుందో కళ్లారా చూసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఆమె ఖర్మకొద్దీ ఆ ఒక్కడూ నాస్తికుడు ఓబుళయ్య.

ఇదీ కథ. ఇప్పుడు ఆదివారం పొద్దు.

ఓబుళయ్య కాఫీలోకి అరిసె నంజుకుంటూ ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. ఈ లోకం ఎక్కడినుంచి వచ్చిందని అడిగినవాళ్లను మూడు ప్రశ్నలతో నోరు మూయించే ఆయనకు, పండగా పబ్బమూ లేకుండా ఇంట్లోకి అరిసెలు ఎక్కడినుంచి వచ్చాయన్న సందేహం మాత్రం కలగలేదు.

"ఇదో, మీకొక మాట చెప్పల్ల," అంది భార్య లక్ష్మీదేవమ్మ, తలుపు పట్టుకుని.

"చెప్పుదువుగానిలే. ముందు ఇది విను. భయంతో చెప్పే నిజం నిజమే కాదు. ఎట్లుండాది?"

"బాగుండాది. మాటేందంటే..."

"భయంతో చెప్పే నిజం, తుపాకి ముందర పెట్టే దండం. ఇది ఇంకా బాగుండాది. అరిసెలు కూడా బాగుండాయి, బెల్లం ఒకింత తక్కువైంది."

లక్ష్మీదేవమ్మ నోరు తెరిచింది. ఆయన ఇంకో వాక్యం తీశాడు. ఆమె నోరు మూసుకుంది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ ఇంట్లో మాటల పంపకం అలాగే స్థిరపడింది. ఆయన కండువా వేసుకుని, కిర్రు కిర్రుమంటూ బయలుదేరాడు.

రీడింగురూము అరుగు నిండిపోయింది. ఆ అరుగుమీద పత్రిక చదవడానికి ఎన్నడూ రానివాళ్లు కూడా ముందు వరసలో కూర్చున్నారు. నడుమ కుర్చీలో రిటైరైన తాసీల్దారు పెంచలయ్య. ఉద్యోగం పోయినా అధికారం మీద మమకారం పోక, వీధిలో మేక తప్పిపోయినా విచారణ తానే చేసే మనిషి. ఆయన ముందు ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్లలు పేర్చి ఉన్నాయి. ఆ ప్రాంతపు పంచాయితీల్లో అదే ఆఖరి మాట. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పినమాటకు తిరుగు లేదు. అబద్ధమాడి ఆర్పితే వంశం అంటుకుంటుందని నమ్మకం.

మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ ఓబుళయ్య ఆగిపోయాడు. అన్నిటికన్నా పైమెట్టు మీద, దర్జాగా, ఆయన ఎడమ చెప్పు ఉంది. దాని పక్కన ఎవరిదో కుడి చెప్పు. ఆ రెండూ పెంచలయ్య కుర్చీకి ఎదురుగా ఉన్నాయి. ఓబుళయ్య కిర్రుమనే చెప్పును వాటి పక్కనే విడిచి పైకెక్కాడు.

ఏసుమణి అరుగు కింద నిలబడి ఉంది. ఆమె పక్కన తెల్లటి అంగీ కింది అంచంతా ఎర్రమన్నుతో ఫాదర్ బాలస్వామి. పొద్దుటి పూజ ముగించుకుని నేరుగా నడిచి వచ్చినట్టున్నాడు.

ఈ ఫాదరూ, మన వకీలూ స్నేహితులన్న సంగతి గాజులవీధికి మింగుడుపడని విషయం. గుడి అరుగుమీద పరిచిన కడప బండల్లో ఒకదానిమీద ఎవరో రాతిపనివాడు పులిజూదం గీతలు చెక్కి పోయాడు. ఆదివారం సాయంత్రం ఇద్దరూ ఆ బండకు చెరోపక్కన కూర్చుంటారు. ఫాదరు మేకలు, వకీలు పులులు. ఆట ముగిసేదాకా దేవుడి ఊసు ఎత్తకూడదు. ముగిశాక, ఓడినవాడు ఎదుటివాడి పక్షాన ఒక మంచిమాట చెప్పాలి. ఈ షరతువల్ల ఓబుళయ్యకు కథోలిక మతంలోని మంచి మీద ఈ మధ్య గట్టి పరిచయం ఏర్పడింది. ఆయన ఆట అంత గొప్పది కాదు.

పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏసుమణీ, బుడ్డి తియ్యలేదంటాండావు. మంచిది. ఈ కర్పూరం ఆర్పు, నీ గుడిసెకు నువ్వు పో. మేమేమన్నా కసాయోళ్లమా?"

"నేను తియ్యలేదు సామీ." ఏసుమణి తల ఎత్తి చెప్పింది. "ఆపొద్దు నా మొగుడు పోయిన దినం. జపమాల చెప్పుకొని వస్తానని రామేశ్వరమ్మకు చెప్పే గుడికాడికి పోయినా. పెండ్లి సందడిలో ఆమె ఇన్నిందో లేదో. కర్పూరం మాత్రం ఆర్పను."

"యాల ఆర్పవు?"

"అది మీ దేవునిది సామీ. నాది కాని దేవుని మీద ఒట్టు పెడితే మీ దేవునికీ అబద్ధమే, నా దేవునికీ అబద్ధమే. ఒక్క బుడ్డికి ఇన్ని అబద్ధాలు నాతో కాదు."

"చూసినారా, ఆర్పనంటాది!" అంది రామేశ్వరమ్మ స్తంభం పక్కనుంచి. "తప్పు లేకుంటే ఎందుకు ఆర్పదు? అందరి నోళ్లలో పన్నీరు బుడ్డమ్మా అని పిలిపించుకున్నదాన్ని. నా కడుపుమంట ఎవురికి చెప్పుకోను?"

అరుగంతా గుసగుసలాడింది. పెంచలయ్య ఫాదరు వైపు తిరిగాడు. "ఫాదరూ, మీ కాడికొచ్చి మీవాళ్లు చేసిన తప్పులు చెప్పుకుంటారంట గదా. ఈ బుడ్డి మాట ఎవురన్నా చెప్పినారా? ఒక్క పేరు చెప్పండి, అందరం ఇంటికి పోయి అన్నం తిందాం."

ఫాదర్ బాలస్వామి నెమ్మదిగా మాట్లాడాడు. "నా కాడికి ఎవురొచ్చినారు, ఎవురు రాలేదు, ఏం చెప్పినారు, ఏం చెప్పలేదు, ఇయ్యేవీ నేను చెప్పనప్పా. చెప్పనంటే తెలుసునని కాదు, తెల్దనీ కాదు. చెప్పనంతే. నన్ను ఆ పోలీసుల కాడికే తీసకపోయినా ఇదే మాట. ఏసుమణిని మాత్రం నేను శానా ఏండ్లుగా ఎరుగుదును. ఆమె తియ్యలేదంటే నేను నమ్ముతా."

"అది పాదిరి మాట. సాక్ష్యం యాడుండాది?"

"ఈడుండాది," అన్నాడు ఓబుళయ్య, లేచి నిలబడి. ఇంతసేపు కూర్చోవడమే ఆయనకు ఘనకార్యం. "గురువారంనాడు రెండో పంక్తి వేళ నేను గుడి అరుగుమీద ఉండా. ఫాదరు మైదుకూరులో ఎవురికో జబ్బుగా ఉందని పోయినాడు. ఏసుమణి లోపల మోకాళ్లమీద కూచుని జపమాల చెప్తానే ఉండాది. నేను లేచి వచ్చేదాకా లేవలేదు. నేనొచ్చేసరికి మీ పందిట్లో బుడ్డి బుడ్డి అని అరుస్తాండారు."

"దేవుడే లేడనేవాడివి, గుడి అరుగుమీద నీకేం పని?"

"చల్లగా ఉండాది."

"ఒంటరిగా ఏం చేస్తాంటివి?"

"పులులూ మేకలూ రెండూ నేనే ఆడుకుంటాంటి. అప్పుడు కూడా ఓడిపోయినా."

జనం నవ్వారు. పెంచలయ్య నవ్వలేదు. పళ్లెం ముందుకు జరిపి అగ్గిపుల్ల గీశాడు. కర్పూరం భగ్గుమంది.

"సరేప్పా, నువ్వు ఆర్పు. మేము నమ్ముతాం."

"నాకు దాంట్లో నమ్మకం లేదు గదా."

"అదే నేను చెప్పేది!" పెంచలయ్య ముఖం వెలిగిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఇంత మంచి పాయింటు తట్టలేదు. "నమ్మకం లేనోనికి భయమేంది? నీ లెక్కన అది వట్టి మంట. ఒక్కసారి చెయ్యి పెడితే నీకు పోయేది ఏముండాది? ఆమె ఇంటికి పోతాది, నీ సిద్ధాంతం నీ కాడనే ఉంటాది!"

ఓబుళయ్య ఉలిక్కిపడ్డాడు. నిజం చెప్పాలంటే అది చాలా మంచి వాదన. కోర్టులో ఎదుటి వకీలు ఆ మాట అని ఉంటే ఈయన అక్కడే లేచి దండం పెట్టేవాడు. అరచెయ్యి ఒక్క క్షణం మూస్తే ఏసుమణి గండం గడిచిపోతుంది. ఆయన చెయ్యి పళ్లెం దాకా పోయింది కూడా. వేడి తగిలింది.

అప్పుడు కింద నిలబడ్డ ఏసుమణి కళ్లు కనిపించాయి. ఆమె కూడా ఆ చేతివైపే చూస్తోంది. తనకోసం ఆర్పమని ఆ కళ్లు అడగడం లేదు.

ఓబుళయ్య చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"పెంచలయ్యా, నేను దీన్ని ఆర్పితే మీరు నన్ను ఎందుకు నమ్ముతారు? నాకు భయముండాదనుకొని. నాకు ఆ భయం లేదు. లేని భయాన్ని ఉన్నట్టు చూపించి మిమ్మల్ని నమ్మిస్తే, అది మోసం. నిజం చెప్పడానికి లేచినోణ్ణి, మొదటిమాటే అబద్ధం చేసుకోమంటాండావు. ఆర్పను."

"అయితే నువ్వు చెప్పింది నిజమని ఏం గ్యారంటీ?" రామేశ్వరమ్మ ముందుకు వచ్చింది. ఆమె గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "దేవుడంటే భయం లేనోడు నిజమెందుకు చెప్పల్ల వకీలన్నా? నాకదే అర్థం కాదు. పైన చూసేటోడు లేకుంటే, మనిషిని ఆపేది ఏంది?"

ఓబుళయ్య నోరు తెరిచాడు. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర గంటసేపటి సమాధానం ఉంది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"దానికి నేను చెప్తానమ్మా," అన్నాడు ఫాదరు. "ఆయన్ను ఆయన పొగుడుకుంటే బాగుండదు."

ఓబుళయ్య తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు. గాజులవీధి చరిత్రలో అది మొదటిసారి.

"మేమిద్దరం పులిజూదం ఆడతామని మీకందరికీ తెలుసు. నడిమధ్యలో ఎవురన్నా పిలిస్తే నేను లేచి లోపలికి పోతా. ఈయన ఆ బండ కాడ ఒంటరిగా కూచోనుంటాడు. పైనుంచి చూసే దేవుడు లేడని ఈయన నమ్మకం. కిందినుంచి చూసే మనిషిని నేను లోపల ఉండా. అప్పటికే మేకలన్నీ కమ్ముకొని పులులు చిక్కుకొనుంటాయి, ఎప్పుడూ అంతే. అయినా నేను తిరిగొచ్చేసరికి ఒక్క రాయి కదలదు. నాకు పైనుంచి దేవుడు చూస్తాండాడని గట్టి నమ్మకం. అయినా ఈయన నీళ్లకు లేచినప్పుడు, ఆ మూలమేకను ఒకింత ఇట్ల జరుపుదామా అని నా చెయ్యి దురద పెడతాది."

అరుగు పగలబడి నవ్వింది. రామేశ్వరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను నిజాయితీగా ఉండాలంటే దేవుని సాయం కావల్ల. రోజూ అడుక్కుంటా. ఈయన సొంతంగా ఉంటాడు. ఎట్లుంటాడో నాకు తెల్దు. ఆ శక్తి దేవుడే ఇచ్చినాడని నేనంటా, ఎవుడూ ఇయ్యలేదని ఈయనంటాడు. ఆ జగడం మాకు చచ్చేదాకా ఉండాది. ఎవురూ చూడని తావులో రాయి జరపని మనిషి మాటకు మాత్రం కర్పూరం అక్కరలేదమ్మా. మాకు కూడా ఒట్టు అనేది ఊరికే పెట్టకూడదనే నేర్పినారు. అవునంటే అవును, కాదంటే కాదు. ఈయన ఏ గుళ్లోనూ నేర్చుకోకుండానే ఆ పాఠం పాసైనాడు."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు: "ఇద్దురూ కుమ్మక్కైనారు! ఒకడేమో ఆర్పడంట, ఇంకొకడు తెలిసింది చెప్పడంట!"

ఓబుళయ్యకు రోషం పుట్టింది. తననంటే ఊరుకునేవాడే, స్నేహితుణ్ణి అన్నారు. "చెప్పడు! ఎందుకు చెప్పల్ల? నా కాడికి కక్షిదారు వచ్చి చెప్పిన మాటను నేను కోర్టులో బయటపెడితే మీరు నా మొహం చూస్తారా? ఫాదరు గుళ్లో తప్పులు చెప్పుకునే ఆ మూల చెక్కగదిలో దేవుడు కూచోనుండాడని నేను నమ్మను. కానీ ఒక మనిషి బరువు దించుకోను వచ్చినాడు, ఇంకొక మనిషి మాటిచ్చినాడు. ఆ మాటను నేను నమ్ముతా. నా ఇంటిదొంగతనమే ఆయనకు తెలిసినా, చెప్పమని నేను అడగను! చెప్పకపోవడమే ఆయన నిజాయితీ!"

చప్పట్లు పడ్డాయి. ఫాదర్ బాలస్వామి ఆయనవైపు అదోలా, కొంచెం జాలిగా చూశాడు. ఓబుళయ్య దాన్ని కృతజ్ఞత అనుకుని తల పంకించాడు.

ఊపు వచ్చింది. "ఇంకొక మాట. పెంచలయ్యా, ఆ మెట్టుమీదుండే నీ చెప్పులు చూడు."

అందరూ చూశారు. పెంచలయ్య కూడా వంగి చూశాడు.

"ఎడమది నాది. కిర్రుమనేది నీది. పెండ్లిలో మారిపోయినాయి. నిన్ను దొంగ అన్నానా? పొరపాటు అనుకున్నా. ఈ అరుగుమీద ఇంతమంది ఉండారు, పెండ్లినుంచి ఎవురి గొడుగో, ఎవురి గిన్నెనో తెచ్చుకోనోళ్లు ఎవురన్నా ఉండారా? మనం తెస్తే పొరపాటు. ఏసుమణి ఏమీ తేకున్నా దొంగతనం. పొరపాటు అనే మాట ఆమెకెందుకు లేకపాయె?"

కొందరు తమ గొడుగుల పిడుల వంక చూసుకున్నారు.

"నేను నమ్మనోణ్ణి, ఆమెది వేరే గుడి. సరే. నమ్మేటోళ్లు ఇంతమంది ఉండారు గదా! ఏసుమణి బుడ్డి తీస్తాంటే కండ్లతో చూసినోళ్లు ముందుకొచ్చి ఆర్పండి. నేను నోరు మూసుకొని పోతా."

పళ్లెంలో మంట నిటారుగా నిలబడింది. నిన్నటిదాకా "చూసినాం, చూసినాం" అన్నవాళ్లలో ఒకాయనకు భార్య నీళ్లోసుకుందని, అలాంటప్పుడు ప్రమాణాలు చేయకూడదని గుర్తుకొచ్చింది. ఇంకొకాయన అరచేతిలో గజ్జి చూపించాడు. మూడో ఆయన ఈ నెలంతా ఏదో దీక్షలో ఉన్నానన్నాడు. దీక్షలో ఉన్నట్టు ఆయన భార్యకే అప్పటిదాకా తెలియదు. అధ్యక్షుడు ఆర్పకూడదని పెంచలయ్య అప్పటికప్పుడు ఒక నియమం చేశాడు.

"నేను ఆర్పుతా," అంది రామేశ్వరమ్మ. "బుడ్డి నాది. చూసిందీ నేనే."

ఆమె పళ్లెం ముందు నిలబడింది. చెయ్యి చాపింది. మంట వెలుగు ఆమె గాజులమీద ఆడింది. ఏసుమణి కళ్లు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగింది.

"నేను చూడలేదు," అంది రామేశ్వరమ్మ. "అనుకున్నా. అనుకొని అనుకొని చూసినట్టే అయిపాయె. ఈ మంట ముందర నాకు ఆ మాట రాలేదప్పా. ఆమె జపానికి పోయొస్తానని చెప్పింది కూడా. ఇప్పుడు గ్యాపకమొస్తాంది."

కర్పూరానికి భయపడి నిజం చెప్పిన ఆ మనిషి, కర్పూరాన్ని ముట్టకుండా నిజం చెప్పిన వాళ్ల పక్కకే వచ్చి నిలబడింది. ఆ క్షణంలో నలుగురిలో ఎవరు ఏ దేవుణ్ణి నమ్ముతారో, ఎవరు నమ్మరో విడదీసి చెప్పడం కష్టం.

"తీర్పు అయిపాయె," అన్నాడు పెంచలయ్య, తీర్పు తానే చెప్పినంత గంభీరంగా. "ఏసుమణీ, నువ్వు పోవచ్చు."

"పోను సామీ," అంది ఏసుమణి. జనం తల తిప్పారు. "వీధిలో నిలబెట్టి దొంగ అన్నారు. ఆ నోటితోనే, ఈ వీధిలోనే, కాదని చెప్పమనండి."

రామేశ్వరమ్మ మెట్లు దిగింది. పట్టుచీర దుమ్ములో ఈడ్చుకుంటూ ఏసుమణి ఎదురుగా నిలబడింది. "ఏసుమణి దొంగ కాదు," అంది. సరిపోదనిపించిందేమో, వీధి రెండు చివరలకూ వినపడేలా గొంతెత్తి మళ్లీ అంది: "నాదే తప్పు! ఏసుమణి దొంగ కాదు! రేపు మా ఇంట్లో అప్పగింతల అంట్లు ఆమే తోమల్ల. నేను పక్కన కూచుని నీళ్లు పోస్తా!"

అప్పుడు లేచిన కేకలకు చర్చి గూళ్లలోని పావురాలు ఎగిరిపోయాయి. దీక్షలో ఉన్నాయన అందరికన్నా గట్టిగా అరిచాడు. పెంచలయ్య ఎడమ చెప్పు తీసి, రెండు చేతులతో ఓబుళయ్యకు అందించాడు. పళ్లెంలో కర్పూరం ఎవరూ ఆర్పకుండానే, తన పని ముగిసినట్టు తానే కొండెక్కింది.

"ఇంక ఈ వీధిలో ఓబుళయ్య మాటే ప్రమాణం!" అన్నారెవరో. "అవును, వకీలు మాటకు కర్పూరం అక్కరలేదు!" అన్నారు మిగతావాళ్లు.

ఓబుళయ్య సొంత చెప్పులు రెండూ వేసుకుని, చప్పుడు లేకుండా, రాజులా ఇల్లు చేరాడు.

లక్ష్మీదేవమ్మ వీధి తలుపు మూసింది. "ఇప్పుడన్నా వింటారా?"

"విన్నావా నువ్వు? నేను చెయ్యి వెనక్కు తీసుకున్నప్పుడు..."

"అరుగు కాడ ఆడోళ్ల వెనక నేనూ నిలబడే ఉంటి. ఒక్కటి అడుగుతా, దానికి మాత్రం జవాబు చెప్పండి. పొద్దున తిన్న అరిసెలు ఎవురివి?"

ఓబుళయ్య వంటింటి వైపు చూశాడు.

లక్ష్మీదేవమ్మ కొంగు కిందినుంచి ఒక పాతగుడ్డ మూట తీసి మంచంమీద పెట్టింది. విప్పింది. అరిసెల పొడి రాలింది. దాని నడుమ, మెడ వంచుకుని, వెండి పన్నీరుబుడ్డి.

"పెండ్లింట్లో సామాను గదిలో అరిసెల మూటలుండాయి. ఆడోళ్లందరూ పిల్లోళ్లకని తలా ఒకటి కొంగులో పెట్టుకుంటాండారు. అది దొంగతనమని ఎవురనుకుంటారు? నేనూ ఒకటి పెట్టుకుంటి. దొంగలెత్తకపోతారని రామేశ్వరమ్మే బుడ్డిని అరిసెల్లో దాచి, సందడిలో ఆ దాచిన మాటే మరిచినట్టుండాది. నాకేం తెలుసు? ఇంటికొచ్చి విప్పితే ఇది. ఇద్దామని పోయేసరికి ఏసుమణిని పట్టుకోనుండారు. బుడ్డి ఇస్తే అరిసెలు తీసిన మాట చెప్పల్ల. వకీలు పెండ్లాము అరిసెలు ఎత్తకపోయిందంటే..."

"నాతో చెప్పకూడదా?"

"ఆపొద్దునుంచి చెప్తానే ఉండా! మీరు దేవుడు లేడని చెప్పడం ఆపితే గదా నేను చెప్పేది! తట్టుకోలేక ఫాదరు కాడికి పోయినా. ఆయన కాడ చెప్పుకుంటే బయట పొక్కదంట. అంతా విని, 'నాకు కాదమ్మా, మీ ఇంటాయనకు చెప్పు, బుడ్డి ఇచ్చేయ్, ఆ ఆడమనిషిని కాపాడు' అన్నాడు. ఈపొద్దు ఆ కర్పూరం ఎవురన్నా ఆర్పింటే నేనే ముందుకొచ్చి మూట విప్పేదాన్ని. కొంగుకింద పట్టుకొనే నిలబడ్డా."

ఓబుళయ్య మంచంమీద కూలబడ్డాడు. ఇంటిదొంగతనమే ఆయనకు తెలిసినా చెప్పమని అడగను. ఆ మాట అన్నది తానే. చప్పట్లు పడ్డదీ ఆ మాటకే. ఫాదరు చూపులోని జాలి ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, అర్థమైంది. బుడ్డి చేతిలోకి తీసుకున్నాడు. అడుగున మిగిలిన పన్నీరు రెండు చుక్కలు ఆయన పాదంమీద పడ్డాయి.

తలుపు తట్టారు.

"వకీలన్నా!" రామేశ్వరమ్మ గొంతు. "లోపలికి రాన్లే, నిలబడే ఒక మాట అడిగి పోతా. వీధిలో ఇంక ఎవురినీ అడిగేది లేదు. ఒట్టు వద్దు, కర్పూరమూ వద్దు. నా బుడ్డి యాడుండాదో నీకేమన్నా తెలుసునా? తెల్దంటే తెల్దు. నీ మాటే నాకు చాలు."

ఓబుళయ్య భార్య వంక చూశాడు. లక్ష్మీదేవమ్మ ఆయన వంక చూసింది. గాజులవీధిలో మాటకు లోటు లేని ఏకైక మనిషికి మాట రాలేదు.

పాఠక మహాశయులారా, ఆయన్ని ఇక్కడిదాకా తెచ్చింది నేనే గానీ, ఇక్కడినుంచి ఎలా తీసుకుపోవాలో నాకు తోచడం లేదు. తెలుసునంటే లక్ష్మీదేవమ్మ ఈ వీధిలో తలెత్తుకు తిరగలేదు, మునిమనవళ్ల పెళ్లిళ్లదాకా అరిసెల కథే చెప్పుకుంటారు. తెలియదంటే, ఏసుమణీ, ఫాదరూ, చివరికి రామేశ్వరమ్మ కూడా ఆర్పకుండా నిలబెట్టిన కర్పూరాన్ని ఈయన ఒక్క మాటతో ఆర్పేసినట్టు. దేవుణ్ణి అడుగుదామంటే ఓబుళయ్య ఒప్పుకోడు. ఫాదరును అడుగుదామంటే ఆయన చెప్పడు. మీలో పెళ్లింటినుంచి అరిసెలు తెచ్చుకోనివాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఒక సలహా చెప్పండి. తెచ్చుకున్నవాళ్లయితే మరీ మంచిది, అనుభవం ఉంటుంది. కాస్త తొందరగా చెప్పండి. పాపం, ఆమె ఎండలో నిలబడి ఉంది.